సామేలు ఎక్కిన వేపమాను

ఆరేండ్లు నేనొక అబద్ధాన్ని మోసినాను. పెద్ద కథేమీ కాదు. ఒక్క మాట. "లేదు" అన్నాను. అడిగిన మనిషి ఆ మాట నమ్మి చెట్టెక్కినాడు.

మొదటి నుంచి చివరి దాకా వరసగా దీన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరు నన్ను ఎరగరు. ఎదురుగా మొహం లేకపోతే చెప్పడం సులువనుకున్నాను. పొద్దున్నుంచి మూడు కాగితాలు చించేసినాక తెలిసింది, అదేమంత సులువు కాదని. మూడింట్లోనూ నేను మొదట రాసింది మా ఇంటి సంపు గురించే. సంపు పగిలింది, అందుకే ఇదంతా జరిగింది అని. ఎన్నేండ్లు సాకు చెప్పుకుంటే చేతికి కూడా అట్లా అలవాటవుతుందో!

నా పేరు రాయను. నా పేరొక్కటే అయితే రాసేదాన్నేమో. దాని వెనకాల మా ఆయన పేరు కూడా వస్తుంది. ఆయన ఏ తప్పూ చేయలేదు.

మాది సోమందేపల్లె. హైవే పక్కన మా ఆయనకు బ్యాటరీల అంగడి ఉంది. అంగడి వెనక సందులో ఇల్లు. నేను ఆయనకు రెండో భార్యను. మొదటామె పేరు పద్మ. కణేకల్ అమ్మాయి. జ్వరం తలకెక్కి ఐదు రోజుల్లో పోయిందంట. పిల్లలు లేరు. ఆమె పోయిన నాలుగేండ్లకు ఆయన నన్ను చేసుకున్నాడు. అప్పటికి నాకు ముప్పై రెండు. మా నాయన కాళ్లు పడిపోయి మంచాన ఉంటే ఆయన్ని చూసుకుంటూ పెళ్లి మాట ఎవరూ ఎత్తని వయసుకు వచ్చేసినాను. నాయన పోయినాక ఈ సంబంధం వచ్చింది. నాకు మంచి సంబంధమే. తాగడు, అరవడు, చేయెత్తడు.

ఆ ఇంటి ముందర వేపచెట్టు ఉండేది. పద్మ కాపురానికి వచ్చిన ఏడు పుట్టింటి నుంచి మొక్క తెచ్చి నాటిందంట. నేను వచ్చేటప్పటికే అది ఇంటిని మించి పెరిగింది. మా ఆయన పొద్దున్నే లేచి మొహం కూడా కడుక్కోకుండా దాని మొదట్లో రెండు బిందెల నీళ్లు పోసేవాడు. మా ఊర్లో నీళ్లంటే ఎట్లాంటివో మీకు తెలిసే ఉంటుంది. ట్యాంకర్ రాని రోజు ఇంట్లో స్నానాలు ఉండవు. అయినా ఆ రెండు బిందెలు ఆగేవి కావు. పోసినాక చెట్టు కింద మంచం వాల్చుకొని కాఫీ తాగేవాడు. అరగంట. ఆ అరగంట ఎవరితోనూ మాట్లాడడు.

పెళ్లైన కొత్తలో ఒకసారి నేనూ కాఫీ తీసుకొని పోయి ఆ మంచం మీద కూర్చున్నాను. ఆయన జరిగి చోటిచ్చినాడు. విసుక్కోలేదు. జరిగి చోటిచ్చినాడు, అంతే. బస్సులో పక్కన ఎవరో వచ్చి కూర్చుంటే జరుగుతాం చూడండి, అట్లా. నేను కాఫీ తాగి లేచి వచ్చేసినాను. మళ్లీ ఎప్పుడూ ఆ మంచం మీద కూర్చోలేదు.

తొమ్మిదేండ్లు గడిచినాయి. అప్పుడు సంపు పగిలింది. ఇది నిజమే. వేర్లు పోయి గోడను చీల్చినాయి. పొద్దున ట్యాంకర్ నింపిపోతే సాయంత్రానికి సగం ఉండేది కాదు. నేను మా ఆయనతో అన్నాను, చెట్టు కొట్టేయిద్దామని.

"సంపు ఆ పక్క ఇంగొకటి కట్టిద్దాం," అన్నాడు. "చెట్టు జోలికి పోవద్దు. అది పద్మ నాటింది."

తొమ్మిదేండ్లలో ఆమె పేరు ఆయన నా ఎదుట పలకడం అదే మొదలు. ఎంత మెల్లగా పలికినాడంటే, ఎన్నిసార్లు మనసులో అనుకొని ఉంటే నోటికి అంత మెత్తగా వస్తుందా అనిపించింది. ఆయన నా పేరు అట్లా ఎప్పుడన్నా పలికినాడా? పలికి ఉండవచ్చు. నేను వినకుండా ఉండవచ్చు. ఇప్పుడు ఆలోచిస్తే ఏదీ గట్టిగా చెప్పలేను. అప్పుడు మాత్రం నాకు ఒకటే అనిపించింది. ఈ ఇంట్లో నేను వండుతాను, ఉతుకుతాను, ఆయన జ్వరానికి రాత్రంతా తడిగుడ్డ వేస్తాను, అయినా ఈ ఇల్లు ఆ చెట్టుది.

యాసిడ్ మా ఇంట్లో కొత్త వస్తువు కాదు. అంగడికని తెచ్చిన క్యాన్లు వెనక వరండాలో ఉంటాయి. అలమరకు పలకలు బిగించడానికి కొన్న డ్రిల్లింగ్ మిషన్ కూడా ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు దాటితే మూడు దాకా మా సందులో మనిషి తిరగడు. ఆయన అంగట్లో ఉంటాడు.

చెట్టు మొదట్లో మట్టి తవ్వి, భూమికి కొంచెం దిగువగా, కిందికి వాలేటట్టు రంధ్రాలు వేసినాను. సంపు పక్క నాలుగు. గోడ పక్క మూడు. జానెడు లోతు. ఆయన గ్లౌజులే వేసుకొని, నూనె పోసే గరాటుతో యాసిడ్ పోసినాను. పైన మట్టి ఉండ పెట్టి, తవ్విన మన్ను కప్పేసినాను. రెండు రోజులకోసారి మళ్లీ తీసి మళ్లీ పోసేదాన్ని. నెలన్నర చేసినాను. కోపంలో చేసినానని చెప్పుకుందామంటే, కోపం నెలన్నర ఉంటుందా? పని మాదిరి చేసినాను. అంట్లు తోమి, బట్టలు ఆరేసి, తర్వాత ఇది.

నెలన్నర తర్వాత సంపు చీలిక పూడ్చడానికి మేస్త్రీ వచ్చినాడు. చెట్టు మొదట్లో చీమలు పుడుతున్నాయని చెప్పి దాని చుట్టూ కాంక్రీట్ వేయించినాను. నీళ్లు పోయడానికి కాంక్రీట్‌లో కొంచెం సందు వదలమన్నాడు మా ఆయన. వదిలించినాను.

ఆ ఏడు వానలైనాక ఊర్లన్నిటా వేపచెట్లకు తెగులు వచ్చింది. కొనలు మాడిపోయి, చెట్లు కాలినట్టు కనపడేవి. అందరూ అదే మాట్లాడుకునేవాళ్లు. మా చెట్టూ మాడింది. ఎవరికీ వింతగా అనిపించలేదు. ఆ తెగులు రాకపోయి ఉంటే నేను దొరికిపోయేదాన్నేమో. దొరికిపోయి ఉంటే బాగుండేది.

మా ఆయన ఎరువుల అంగడికి పోయి ఏదో మందు తెచ్చినాడు. బకెట్లో కలిపి, నిచ్చెన వేసుకొని, పైపుతో కొమ్మలకు కొట్టినాడు. కింద నుంచి పైపు పట్టుకుంది నేనే. "ఇంకొంచెం పైకి," అని చెప్పింది కూడా నేనే. ఆ చలికాలమంతా ఆయన ప్రతి పొద్దూ చెట్టు దగ్గర నిలబడి పైకి చూసేవాడు, ఏ కొమ్మకన్నా ఎర్రటి చిగురు కనపడుతుందేమోనని. ఊర్లో తక్కిన చెట్లన్నీ చిగురు పెట్టినాయి. మాది పెట్టలేదు.

ఎండలు ముదిరేటప్పటికి గాలికి కొమ్మలు విరిగి ఎదురింటి రేకుల మీద పడడం మొదలైంది. ఇక తీసేయాల్సిందే అనుకున్నాడు. కట్టెల అడితి వాళ్లు వచ్చి రెండు గంటల్లో కొట్టుకొని పోతామన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. నిదానంగా, మర్యాదగా దించే మనిషి కావాలని పది మందిని విచారించినాడు. అందరూ సామేలు పేరే చెప్పినారు.

సామేలుది పెనుకొండ దావలో ఒక పల్లె. నలభై ఐదేండ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వాళ్ల నాయనా కూలికి పోయేవాడే, ఈయనా కూలికి పోయేవాడే. చెట్లెక్కడం ఒక పనిగా నేర్చుకొని, బెంగుళూరులో రెండేండ్లు తోటల కంపెనీలో చేసి, రంపం మిషన్, తాళ్లు, నడుముకు బెల్టు, తలకు టోపీ కొనుక్కొని వచ్చినాడు. ఇండ్ల మధ్యన, కరెంటు తీగల మధ్యన ఉండే చెట్లను ఒక్కో కొమ్మా తాడు కట్టి కిందికి దించుతాడు. "కొట్టడం" అనడు. "దించడం" అంటాడు. ఇన్నేండ్లలో ఒక్క పెంకు పగలగొట్టలేదని ఆయనకు గర్వం. ఆ గర్వం ఆయనకు బాగుండేది.

పని సోమవారం. శనివారం సాయంత్రమే చూసిపోవడానికి వచ్చినాడు. చిన్న గొడ్డలి తిరగేసి, దాని వెనక భాగంతో మానును తట్టుకుంటూ, చెవి ఆనించి వింటూ చుట్టూ తిరిగినాడు. సంపు పక్కకు వచ్చినాక ఆగి, ఇంకోసారి తట్టినాడు. కాంక్రీట్‌ను కాలితో నొక్కి చూసినాడు. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. నేను మజ్జిగ తెచ్చి ఇచ్చినాను.

"అన్నా, ఈ మాను ఎప్పుడు ఎండింది?" అని అడిగినాడు మా ఆయన్ని.

"పోయిన కార్తీకంలో మొదలాయ. ఊరంతా తెగులొచ్చింది గదప్పా."

"తెగులొచ్చిన మాన్లు మల్లా చిగురు పెట్టినాయన్నా. ఇదొక్కటే ఈ మాదిరి పోయిండాది. దీనికేమన్నా పెట్టినారా? యాసిడ్ గానీ, ఇంగొకటి గానీ?"

మా ఆయన నవ్వినాడు. నవ్వు కాదు అది. "దీన్ని బతికించుకోవాలని ఎన్ని మందులు కొట్టినానో నాకు తెలుసప్పా. సంపాలని ఎవరు పోస్తారు?"

సామేలు నా వైపు తిరిగినాడు.

"అక్కా, నీకేమన్నా తెలుసునా? తప్పు పట్టేదానికి గాదు అడిగేది. తెగులుకు పోయిన మాను ఎముక మాదిరి నిలబడతాది. నేనెక్కి దించుతా. మందుతో పోయిన మానైతే మొదట్లో పిండి అయింటాది. దాని మీదికి నేనెక్కను. క్రేను తెప్పిచ్చుకుంటా. అంతే తేడా. చెప్పక్కా."

మా ఆయన నన్నే చూస్తున్నాడు. అనుమానంతో కాదు. ఊరికే చూస్తున్నాడు, ఎవరన్నా మాట్లాడబోతే వాళ్ల మొహం చూస్తాం గదా.

"లేదు సామేలూ," అన్నాను. "దానికెవరేం చేస్తారు?"

"సరేక్కా," అన్నాడు. మజ్జిగ తాగి గ్లాసు నా చేతికే ఇచ్చినాడు.

ఈ మాటలు నేను ఎన్నిసార్లు మళ్లీ విన్నానో చెప్పలేను. ఆయన నాకు దారి చూపించినాడు. తప్పు పట్టేదానికి కాదు అన్నాడు. క్రేను తెప్పించుకుంటా అన్నాడు. అంతకంటే తేలిగ్గా ఒక మనిషిని ఎవరన్నా ఎట్లా అడుగుతారు? మా ఆయన ఎదుట చెప్పలేకపోయినాను, సరే. సామేలు ఫోన్ నంబరు మా క్యాలెండర్ మీద రాసి ఉంది. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా టైం ఉంది. ఆదివారం మా ఆయన అంగడికి పోయినాక ఆ నంబరు ముందర నిలబడినాను కూడా. ఒక్క మాట చెప్పి పెట్టేయవచ్చు. "ఎక్కద్దు" అంటే చాలు. అంటే, ఎందుకని అడుగుతాడు. ఆ ఎందుకు అనే దానికి భయపడి నేను వంటింట్లోకి పోయి వంకాయలు కోసుకున్నాను.

ఏమీ కాదులే అనుకున్నాను. ఇంత లావు మాను, మనిషి బరువుకు ఏమవుతుంది అనుకున్నాను. ఇది కూడా నిజమే. అయితే నిజంగా అట్లా అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా? ఆ మనిషికి తెలిసినంత నాకు తెలియదు గదా. తెలిసిన మనిషి నోటితో చెప్పినాడు గదా.

సోమవారం ఎనిమిదికి ఎక్కినాడు. కింద తాళ్లు పట్టుకోవడానికి వాళ్ల బామ్మర్ది, ఇంకో ఇద్దరు. పదకొండు దాకా అంతా చక్కగా జరిగింది. ఎదురింటి రేకుల మీదికి వాలిన కొమ్మలన్నీ దించేసినాడు. ఒక్క పుల్ల రేకు మీద పడలేదు. సందులో వాళ్లంతా బయటికి వచ్చి చూస్తున్నారు. నేను గడపలో నిలబడి ఉన్నాను. ఇక ఏమీ కాదని నాకు ధైర్యం వచ్చింది. అందరికీ టీ పెడదామని లోపలికి పోయి పాలు పొయ్యి మీద పెట్టి మళ్లీ వచ్చినాను.

అప్పుడు సామేలు, మాను రెండుగా చీలే పంగ దగ్గర బెల్టు చుట్టుకొని, అన్నిటికంటే పెద్ద కొమ్మకు తాడు వేసి కోస్తున్నాడు. కొమ్మ తెగి తాడు మీద వేలాడింది. శబ్దం వచ్చింది. పైనుంచి కాదు. కింద నుంచి. సామేలు రంపం ఆపి కిందికి చూసినాడు. ఆ చూపు నేను చూసినాను. ఆయనకు అర్థమైపోయింది. బెల్టు విప్పుకునే టైం లేదు. మాను మొత్తం, కాంక్రీట్ దగ్గర విరిగి, సంపు మీదికి వాలిపోయింది. ఆయన దానితోపాటు వచ్చినాడు.

బతికినాడు. తుంటి ఎముక, తొడ ఎముక నుజ్జైనాయి. అనంతపురం తీసుకొని పోయినారు. మా ఆయన అంబులెన్సులోనే పోయినాడు. మూడు రోజులు ఇంటికి రాలేదు. నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఏడుస్తూ కూర్చున్నానని రాయాలని ఉంది. కూర్చోలేదు. మరుసటి పొద్దున్నే జేసీబీని పిలిపించి, ఆ మొద్దును వేర్లతో సహా తవ్వించి లారీలో వేయించి పంపించేసినాను. విరిగిన చోట నల్లగా, బొగ్గు మాదిరి రంధ్రాలు కనపడుతున్నాయి. జేసీబీ నడిపేటతను కూడా చూసినాడు. "ఏంటమ్మా ఇది, కాలినట్లుండాది?" అన్నాడు. చీమలకు మంట పెట్టినామన్నాను. మొదటి అబద్ధం భయంతో చెప్పినానని అనుకుందాం. మరి ఈ రెండోదానికి ఏ పేరు పెట్టాలి?

వారం తర్వాత ఆస్పత్రికి పోయినాను. సామేలు నన్ను చూసి లేవబోయినాడు. లేవలేకపోయినాడు. వాళ్ల భార్య రూతమ్మ పక్కన కూర్చొని ఉంది. మా ఆయన ఏదో చెప్పబోతే సామేలు చేయి అడ్డం పెట్టినాడు.

"తప్పు నాదేనన్నా," అన్నాడు. "మాను చెప్తానే ఉంటాది. నాకు ఇనేదానికి రాలేదు. మీ ఇంటి ముందర ఈ పని చేసి మిమ్మల్ని తిప్పలు పెడితి."

అప్పుడన్నా చెప్పి ఉండవచ్చు. నేను బత్తాయి ఒలుస్తున్నాను. ఒలిచి రూతమ్మ చేతిలో పెట్టినాను.

ఆపరేషన్లకు మా ఆయనే నిలబడినాడు. వాళ్ల బిడ్డ నర్సింగ్ చదువు మధ్యలో ఆగకుండా చూసినాడు. నేను నెల రోజులు వాళ్లకు అన్నం పంపించినాను. ఊర్లో మమ్మల్ని మెచ్చుకున్నారు. "ఇంగొకరైతే మాకేం సంబంధం అనేవాళ్లు" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను తల దించుకునేదాన్ని. దాన్ని చూసి అణకువ అనుకున్నారు.

సామేలు కర్ర పట్టుకొని నడవడం మొదలుపెట్టినాడు. మళ్లీ చెట్టెక్కలేడు. హైవే మీద లారీల కాటా దగ్గర చీటీలు రాసే పనిలో చేరినాడు. కాలు పోతే పని పోయింది, అది అందరికీ కనపడుతుంది. కనపడనిది ఇంకొకటి ఉంది. అది నాకు తెలియడానికి చాన్నాళ్లు పట్టింది. ప్రతి క్రిస్మస్‌కు వాళ్లు మమ్మల్ని భోజనానికి పిలిచేవాళ్లు. తినే ముందు సామేలు కండ్లు మూసుకొని ప్రార్థన చేసేవాడు. మా ఆయన పేరు, నా పేరు పలికి, ఈ కుటుంబాన్ని మా కోసం పంపించినావు ప్రభువా, అనేవాడు. ఆరు క్రిస్మస్‌లు నేను ఆ మాట విని, ఆమెన్ అని, అన్నం తిన్నాను.

మొన్నటి క్రిస్మస్ రోజు మేము తింటుండగా ఒక రైతు వచ్చినాడు. వాళ్ల ఇంటి మీదికి చింతచెట్టు వాలిందంట. ఎక్కమని కాదు, ఊరికే వచ్చి ఒకసారి తట్టి చూసి, కొట్టాల్నా వద్దా చెప్పు చాలు, అని బతిమాలినాడు.

సామేలు రానన్నాడు. "నా మాట నమ్మద్దప్పా," అన్నాడు. "నా సెవి అబద్ధం చెప్తాది. ఒక మార్తోనే బుద్ధొచ్చె నాకు."

ఆ రైతు పోయినాడు. సామేలు మళ్లీ తినడం మొదలుపెట్టినాడు. చెవి అబద్ధం చెప్పిందంట. కాలు పోయినా ఆయన కింద నిలబడి చెట్లకు రోగం చెప్పి బతకవచ్చు. పది మందిని పైకి పంపి, ఎట్లా దించాలో చెప్పవచ్చు. అట్లాంటి మనిషి జిల్లాలో ఇంకొకరు లేరు. ఆ నేర్పు అట్లనే ఉంది. దాన్ని తానే నమ్మకుండా చేసినాను నేను. ఆరేండ్లు ఆ మనిషి పడుకునే ముందర ఆ శనివారం సాయంత్రాన్ని ఎన్నిసార్లు తలుచుకొని ఉంటాడు, ఎక్కడ తప్పు విన్నానా అని?

సంక్రాంతి లోపలే ఒక పొద్దున ఒక్కదాన్నే బస్సెక్కి వాళ్ల పల్లెకు పోయినాను. రూతమ్మ పనికి పోయింది. సామేలు వాకిట్లో మంచం మీద కూర్చొని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"సామేలూ, ఆ మానుకు యాసిడ్ పోసింది నేను."

ఆయన చేతిలో ఉన్న కాయ ఒలిచినాడు. గింజలు గంపలో వేసినాడు.

"ఎన్ని బొక్కలు?"

"ఏడు."

"యా పక్క?"

"సంపు పక్క నాలుగు, గోడ పక్క మూడు. జానెడు లోతు."

ఆయన కండ్లు మూసుకున్నాడు. కుడి చేయి గాలిలో మెల్లగా తిరిగింది, మాను చుట్టూ తిరుగుతున్నట్టు. ఒక చోట ఆగింది.

"సంపు పక్క," అన్నాడు. "ఆడ బోలు ఇనపడ్య నాకు. రెండు మార్లు కొడితి. తెగులు మానుకు ఆడ బోలు యాల వచ్చాది అనుకుంటి. అందుకే నిన్ను అడిగితి." కండ్లు తెరిచినాడు. "నా సెవికంటే నీ మాట నమ్మితినక్కా."

ఇంకో కాయ చేతిలోకి తీసుకొని, ఒలవకుండా పట్టుకున్నాడు.

"ఆరు మార్లు నా ఇంట్లో కూచ్చొని తింటివి. నీ పేరు పెట్టి ప్రార్థన చేస్తి నేను." గొంతు పెంచలేదు. "అన్నకు తెలుసునా?"

"తెలీదు."

"రేపు పిల్చుకొని రా. నా ముందర చెప్పు. ఎక్కగూడని మాను ఎక్కినోడు అని ఆయప్ప నన్ను అనుకుంటాండాడు. ఆ మాట నా ముందర పోవల్ల."

మరుసటి రోజు, సామేలు రమ్మన్నాడని మాత్రం చెప్పి మా ఆయన్ని తీసుకొని పోయినాను. అదే వాకిట్లో, నిలబడి, మొత్తం చెప్పినాను. జేసీబీ సంగతి కూడా. మా ఆయన నన్ను చూడలేదు. సామేలు కాలు చూస్తూ విన్నాడు. ఒకటే అడిగినాడు.

"నేను పొద్దున నీళ్లు పోస్తాంటే, నువ్వు మధ్యాన్నం యాసిడ్ పోస్తాంటివా?"

"ఔను."

మా ఆయన లేచి సామేలు దగ్గరికి పోయి, భుజం మీద చేయి వేసి, కాసేపు నిలబడినాడు. తర్వాత స్కూటర్ తీసినాడు. నేను వెనక కూర్చున్నాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఎప్పటి మాదిరే నిదానం చేసినాడు. నన్ను పట్టుకోమని మాత్రం అనలేదు.

అది జరిగి నెల దాటింది. మా ఆయన ముందు గదిలో పడుకుంటున్నాడు. నేను పెట్టింది తింటాడు. కావాల్సిన మాట మాట్లాడతాడు. పుట్టింటికి పొమ్మనలేదు, ఉండమనలేదు. ఏమనుకుంటున్నాడో అడిగే ధైర్యం నాకు లేదు. అడిగే హక్కు కూడా లేదనుకుంటాను.

సామేలు క్షమించినానని అనలేదు. నేను అడగలేదు. ఆయన ఫోన్ ఎత్తడు. ఆ చింతచెట్టు ఉన్న రైతు ఇంటికి మాత్రం కర్ర పట్టుకొని పోయి, తట్టి చూసి, మానుకేమీ లేదు, వాలిన ఒక్క కొమ్మ దించుకుంటే చాలని చెప్పి వచ్చినాడంట. అంగడికి వచ్చిన ఎవరో చెప్తే మా ఆయన ఇంటికి వచ్చి ఆ మాట చెప్పినాడు. గోడకు చెప్పినట్టు చెప్పినాడు, అయినా చెప్పినాడు. దాన్ని విని నేను సంతోషపడకూడదు. అది నేను ఆయనకు ఇచ్చింది కాదు. ఆయన ఇంట్లోంచి ఎత్తుకొని పోయింది ఆరేండ్ల తర్వాత తెచ్చి గడపలో పెట్టినాను, అంతే. కాలును తెచ్చి పెట్టలేను గదా.

నిన్న పొద్దున వీధి కొళాయి దగ్గర ఎదురింటి సరోజక్క, వాళ్ల ఇంటికి వచ్చిన చుట్టాలామెకు నన్ను చూపిస్తోంది. "మా సందులో ఇంత మంచి మనిషి లేదు. వీళ్ల చెట్టు మీద నుంచి ఒకాయప్ప పడితే సొంత మనిషి మాదిరి చూసుకునింది," అని. ఎప్పుడూ చెప్పేదే. ఇంకో రోజైతే తల దించుకొని బిందె సర్దుకునేదాన్ని.

"ఆ మానుకు యాసిడ్ పోసి సంపింది నేనే సరోజక్కా," అన్నాను. "ఎక్కే ముందర ఆయప్ప అడిగితే లేదని చెప్తి. అందుకే పడినాడు."

సరోజక్క నవ్వబోయింది. నా మొహం చూసి ఆగిపోయింది. ఆ చుట్టాలామె ఒకసారి నన్ను, ఒకసారి ఆమెను చూసింది. బిందె నిండింది. కొళాయి కట్టేసి, బిందె చంకనెత్తుకొని ఇంట్లోకి వచ్చినాను.